లాన్సెలాట్ డి మోల్

లాన్సెలాట్ డి మోల్ 1880లో ఆస్ట్రేలియా దేశమందలి అడిలైడ్ నగరమున జన్మించెను. ఇంజనీరగు నతడు 1911లో మిట్టపల్లముల నేలపై పయనించుచు, గొలుసుచుట్లపై నడచు బండిని ఊహించెను. గొలుసులనే ప్రక్కకు వంచి బండిని త్రిప్పుట దాని విశేషము. 1912లో ఆ పటములను లండనులోని యుద్ధశాఖకు పంపగా, వారు నిరాకరించిరి.

1916లో సోమ్ రణరంగమున ఇతరులు నిర్మించిన టాంకులు మొదట కదలినవి. డి మోల్ అధైర్యపడక, అసలు కొలతలో ఎనిమిదవ వంతు నమూనా చేయించి, సైన్యమున చేరి, 1918లో దానిని ఇంగ్లండునకు గొనిపోయెను. ఇంతలో యుద్ధము ముగిసెను. నిండు బండి యెన్నడును పుట్టలేదు.

1919లో రాజవిచారణ సంఘము అతని కల్పన వాడుకలోని టాంకులను కొన్ని విషయములలో మించినదని యొప్పుకొనెను. అయినను, ఆ టాంకుల పుట్టుకకు అది కారణము కాలేదని బహుమాన మీయక, ఖర్చులకు 987 పౌనులు మాత్రమే యిప్పించెను. అతడు 1950లో మరణించెను.

విద్యార్థులారా! ఆ నమూనా నేటికిని కాన్‌బెర్రా యుద్ధస్మారకశాలకు చెందియున్నది. ఆ బండిని చిన్న కొలతలో మరల చేయగోరువారికి అదియే ఆధారము. నల్లగొండ, మహబూబ్‌నగరు పల్లెలలో రేగడిమట్టితో బండ్లు చేయు మీరును కొలత తప్పక చేయుడు. మనుష్యులు మరచినను, నమ్మకముగా చేసిన పని సాక్ష్యమిచ్చును.