నక్షత్ర గర్భాన్ని శోధించిన ఎడింగ్టన్

సూర్యుడు ఏ ఇంధనంతో మండుతున్నాడన్న ప్రశ్న పందొమ్మిదవ శతాబ్దపు శాస్త్రజ్ఞులను ఎంతగానో వేధించింది. బొగ్గువలె మండినట్లయితే కొన్ని వేల సంవత్సరాలకే బూడిద కావలసి ఉండెను. తన బరువుకు తానే కుంచించుకుపోతూ వేడిని పుట్టిస్తున్నాడని కెల్విన్ ప్రభువు లెక్కగట్టాడు గాని, ఆ లెక్కన సూర్యుని వయస్సు కొన్ని కోట్ల సంవత్సరాలకు మించదు. భూమిమీది శిలలు అంతకంటె ఎంతో పురాతనమైనవని భూగర్భశాస్త్రం సాక్ష్యమిచ్చింది. ఈ చిక్కుముడి విప్పడానికి దారి చూపినవారిలో అగ్రగణ్యుడు సర్ ఆర్థర్ స్టాన్లీ ఎడింగ్టన్.

ఆయన 1882 డిసెంబరు 28న ఇంగ్లండులోని కెండాల్ పట్టణంలో జన్మించాడు. ప్రధానోపాధ్యాయుడైన తండ్రి 1884లో విషజ్వరంతో మరణించగా, తల్లి చాలీచాలని రాబడితో కొడుకును, కూతురును పెంచింది. విద్యార్థి వేతనాలే ఆయనను మాంచెస్టరుకు, అక్కడినుండి కేంబ్రిడ్జికి చేర్చాయి. (వేతనాల దరఖాస్తులు చేతబట్టుకొని వరుసలో నిలిచే మన విద్యార్థులు ఈ సంగతి గమనింతురు గాక!) 1904లో, రెండవ సంవత్సరం చదువుతూనే, గణిత పరీక్షలో ప్రథముడుగా నిలిచాడు. అంతకుముందు ఆ ఘనత ద్వితీయ సంవత్సర విద్యార్థి ఎవరికీ దక్కలేదు. 1913లో అక్కడే ఆచార్య పదవిని అలంకరించాడు. క్వేకరు మతస్థుడు గనుక ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనన్నాడు. శత్రుదేశపు రాజధానిలో పనిచేస్తున్న ఐన్‌స్టీన్ సిద్ధాంతాన్ని, యుద్ధం ఆగిన మరుసటి యేడే ప్రిన్సిపె ద్వీపంలో సూర్యగ్రహణ సమయాన పరీక్షించాడు.

నాలుగు హైడ్రోజన్ పరమాణువులకంటె ఒక హీలియం పరమాణువు బరువు వెయ్యింట ఏడెనిమిది పాళ్లు తక్కువని ఆస్టన్ కొలతలు చూపాయి. ఆ తరిగిన బరువే ఐన్‌స్టీన్ సూత్రానుసారం శక్తిగా మారి నక్షత్రాలను వెలిగిస్తున్నదని 1920లో కార్డిఫ్ సభలో ఎడింగ్టన్ సూచించాడు. నక్షత్ర గర్భంలో అంత వేడి లేదనీ, కేంద్రకాలు తమ వికర్షణను దాటి కలియజాలవనీ విమర్శకులు ఆక్షేపించారు. ఆయన చలించలేదు. అడ్డుగోడను దాటే శక్తి చాలకున్నా కణాలు దానిగుండా చొచ్చుకుపోగలవని 1928లో క్వాంటం శాస్త్రం తేల్చింది. 1939లో బేథే ఆ కలయికలోని మెట్లను వివరించాడు. నేటి లెక్క ప్రకారం సూర్యుడు సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్‌ను హీలియంగా మారుస్తున్నాడు. అందులో దాదాపు 40 లక్షల టన్నులు వెలుగైపోతున్నవి.

ఇంతటివాడు 1935 జనవరి 11న లండను ఖగోళ సంఘ సమావేశంలో చేసిన పని ఆయన అభిమానులకు నేటికీ మింగుడుపడదు. శ్వేత కుబ్జ నక్షత్రపు బరువు సూర్యుని బరువుకు సుమారు 1.4 రెట్లు మించజాలదని ఇరవైనాలుగేండ్ల భారతీయ యువకుడు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ నిరూపించి కూర్చున్నాడు. వెంటనే లేచిన ఎడింగ్టన్ ఆ ఫలితాన్ని నిండు సభలో పరిహసించాడు. లోకమంతా కాదన్నా తన ఊహను విడువని పట్టుదలే ఇక్కడ ఎదుటివాని లెక్కను చూడనీయలేదని నా అభిప్రాయం. లెక్క సరియైనదని ఎరిగినవారు కూడ ఆయన పేరుకు జంకి బహిరంగంగా నోరు విప్పలేదు.

ఆ హద్దు నిజమే. మహా నక్షత్రాలలో హీలియం కార్బన్‌గా, ఆక్సిజన్‌గా, క్రమంగా ఇనుముగా మారుతుంది. ఇనుము కలయికవల్ల శక్తి పుట్టదు. ఆ ఇనుప గర్భం ఇంచుమించు చంద్రశేఖర్ హద్దును చేరగానే కుప్పకూలుతుంది, పై పొరలు పేలి ఆకాశంలో వెదజల్లబడతాయి. మన ఎముకలలోని కాల్షియం, నెత్తుటిలోని ఇనుము ఇట్టి నక్షత్ర విస్ఫోటాలనుండి వచ్చినవే.

చంద్రశేఖర్ 1937లో అమెరికాలో స్థిరపడ్డాడు. అయినా ఇరువురి మధ్య స్నేహం తెగలేదు, ఉత్తరాలు నడిచాయి. ఎడింగ్టన్ అవివాహితుడుగానే, అక్కతో కలిసి కేంబ్రిడ్జి వేధశాలలో నివసించి 1944 నవంబరు 22న కన్నుమూశాడు. ఆయన శతజయంతికి 1982లో కేంబ్రిడ్జిలో స్మారకోపన్యాసాలిచ్చినవాడు చంద్రశేఖరే. నాటి వివాదాన్ని దాచకుండానే, ఆ కాలపు ఖగోళ భౌతిక శాస్త్రజ్ఞులందరిలో ఎడింగ్టన్‌కే అగ్రస్థానమిచ్చాడు. మరుసటి యేడు నోబెల్ బహుమతి చంద్రశేఖర్‌ను వరించింది.