వంటింటి బల్ల మీద తయారైన బెలూన్: డాక్టర్ గ్రూంట్సిగ్ జీవితం

మన తిరువళ్ళూరు, తిరుత్తణి తెలుగు ఇళ్ళలో బెలూన్ వేయడం, స్టెంట్ పెట్టడం అనే మాటలు ఇప్పుడు కొత్త కావు. రైలెక్కి చెన్నై వెళ్ళి, మణికట్టు దగ్గర చిన్న కట్టుతో రెండు మూడు రోజుల్లో తిరిగి వచ్చేస్తున్నారు. ఈ వైద్యానికి దారి చూపిన మనిషి పేరు మాత్రం మనలో చాలామంది విని ఉండరు. ఆయన ఆండ్రియాస్ గ్రూంట్సిగ్, జర్మన్ డాక్టరు.

1939 జూన్ 25న డ్రెస్డెన్‌లో పుట్టారు. యుద్ధం తండ్రిని తీసుకుపోయింది. తల్లి కొడుకులతో కొంతకాలం అర్జెంటీనా వెళ్ళి, మళ్ళీ లైప్‌జిగ్ చేరింది. చదువు కోసం తూర్పు జర్మనీ వదిలి పశ్చిమానికి వచ్చిన గ్రూంట్సిగ్, 1964లో హైడెల్‌బర్గ్‌లో డాక్టరయ్యారు. 1969లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిచ్ ఆసుపత్రిలో చేరారు.

ఆ రోజుల్లో గుండె రక్తనాళం పూడుకుపోతే మందులు వాడాలి, లేదా ఛాతీ తెరిచి బైపాస్ చేయాలి. అమెరికాలో చార్లెస్ డాటర్ అనే డాక్టరు 1964లో కాలి రక్తనాళంలోకి సన్నటి గొట్టం, దాని మీదుగా ఇంకాస్త లావు గొట్టం దూర్చి దారి చేశారు. కాలికి పనికొచ్చినా గుండెకు ఆ మోటు పద్ధతి కుదరదు. సన్నగా లోపలికి వెళ్ళి, అడ్డు ఉన్నచోట మాత్రమే ఉబ్బేది కావాలి. మామూలు రబ్బరు బుడగ గట్టిగా ఉన్నచోట ఉబ్బదు, మెత్తగా ఉన్న వైపుకే పొంగుతుంది. ఎంత గాలి కొట్టినా అనుకున్న లావు దాటని బుడగ కావాలి. రిటైరైన ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ సలహాతో పి.వి.సి. ప్లాస్టిక్ పట్టుకున్నారు. ప్రయోగశాల ఏదనుకున్నారు? సొంత ఇంటి వంటగది! సహాయకురాలు మరియా ష్లుంఫ్, ఆమె భర్త, గ్రూంట్సిగ్ భార్య అందరూ బల్ల చుట్టూ కూర్చుని సాయంత్రాలు బుడగలు అతికించేవారు. 1974లో కాలి రక్తనాళంలో అది పనిచేసింది.

1976లో మయామీ సభలో కుక్కల మీద చేసిన ప్రయోగాలు చూపిస్తే చాలామంది పెదవి విరిచారు. 1977 సెప్టెంబర్ 16న జ్యూరిచ్‌లో 38 ఏళ్ళ రోగికి, మెలకువగా ఉండగానే, గుండె రక్తనాళంలో బెలూన్ ఉబ్బించారు. తేడా వస్తే వెంటనే బైపాస్ చేయడానికి సర్జన్ ఓకే సెన్నింగ్ బృందం సిద్ధంగా ఉంది. శరీరంలో అమర్చే పేస్‌మేకర్‌ను మొదట పెట్టింది ఈ సెన్నింగ్ గారే. బెలూన్ వస్తే బైపాస్ తగ్గుతుందని తెలిసి కూడా ఒక సర్జన్ అండగా నిలవడం చిన్న విషయం కాదు. ఆ రోగికి 23 ఏళ్ళ తర్వాత చూసినా ఆ నాళం తెరుచుకునే ఉంది.

నాకు గ్రూంట్సిగ్ మీద గౌరవం కలిగింది ఆ విజయం వల్ల కాదు. 1979లో మొదటి 50 మంది లెక్క ప్రచురించారు. 32 మందికే ఫలితం వచ్చిందనీ, అయిదుగురిని హడావుడిగా బైపాస్‌కు పంపాల్సి వచ్చిందనీ దాచకుండా రాశారు. ఇతర డాక్టర్లను పిలిచి, తాను చేస్తుండగా టీవీ తెర మీద నేరుగా చూపించేవారు. తప్పు జరిగితే అదీ అందరి ముందే. రోగి ఎంపికలో కూడా గట్టి మనిషి. ఒకేచోట చిన్న అడ్డు ఉన్నవారినే మొదట తీసుకున్నారు.

1980లో అమెరికాలో అట్లాంటాకు, ఎమొరీ విశ్వవిద్యాలయానికి మారారు. 1985 అక్టోబర్ 27న సొంత విమానం తానే నడుపుతూ, చెడ్డ వాతావరణంలో కూలి, భార్యతో సహా మరణించారు. వయసు 46.

మరుసటి ఏడాదే ఫ్రాన్స్‌లో మనిషి గుండెలో తొలి స్టెంట్ పెట్టారు. ఆయన దగ్గర నేర్చుకున్న డాక్టర్ మాథ్యూ శామ్యూల్ కలరిక్కల్ మన దేశంలో యాంజియోప్లాస్టీకి ఆద్యులు. ఆయన ఎక్కువకాలం పనిచేసిన చెన్నై అపోలోను 1983లో స్థాపించింది మన చిత్తూరు దగ్గరి అరగొండ డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డి గారే. 1998లో హైదరాబాద్‌లో డాక్టర్ సోమరాజు, అబ్దుల్ కలాం గార్లు తక్కువ ధర స్టెంట్ తెచ్చారు. 2017లో కేంద్రం మందు పూసిన స్టెంట్ ధరను 29,600 రూపాయలకు కట్టడి చేసింది. అంతకుముందు లక్ష పైన పలికేది.

ఇప్పుడు మందు పూసిన బెలూన్లు వచ్చాయి. కొన్ని అడ్డులకు లోహం ఏదీ వదలకుండా, మందు అంటించి బెలూన్ బయటికి తీసేస్తారు. గ్రూంట్సిగ్ మొదలుపెట్టిన చోటికే కథ తిరిగొచ్చింది.

మనవాళ్ళు రెండు విషయాలు కలిపేస్తున్నారు. గుండెపోటు వచ్చినప్పుడు ప్రతి నిమిషమూ విలువైనదే, అక్కడ బెలూన్ ప్రాణం నిలుపుతుంది. నడిస్తే నొప్పి, ఆగితే తగ్గిపోయే నిలకడైన జబ్బు వేరు. అందులో చాలామందికి మంచి మందులతో పోలిస్తే స్టెంట్ ఆయుష్షు పెంచలేదని 2019లో ఇస్కీమియా అనే పెద్ద పరిశోధన తేల్చింది. నొప్పి మాత్రం స్టెంట్‌తో బాగా తగ్గుతుంది. కాబట్టి రెండో రకం వారు భయపడి ఆ రోజే సంతకం పెట్టనక్కర్లేదు, ఇంకో డాక్టరును అడగవచ్చు. మొదటి రకం అయితే చెన్నైకి కారు కోసం చూస్తూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. తమిళనాడు ప్రభుత్వం 2023లో మొదలుపెట్టిన ఇదయం కాప్పోం పథకం కింద ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే తొలి మాత్రలు ఇస్తున్నారు.