మాట తప్పని గూఢచారిణి నూర్ ఇనాయత్ ఖాన్

గూఢచారిణి అనగానే మనలో చాలామందికి గుర్తుకు వచ్చేది ఒకప్పుడు బెజవాడ బస్టాండు పుస్తకాల షాపులలో వేలాడిన పాకెట్ నవలల అట్టమీది బొమ్మ. చేతిలో పిస్టలు, కళ్లలో కవ్వింపు, పెదవులపై అబద్ధం. కొమ్మూరి సాంబశివరావు మొదలు మధుబాబు వరకు ఎందరో రచయితలు డిటెక్టివ్, గూఢచారి నవలలతో మన ప్రాంతంలో రెండు మూడు తరాలకు చదివే అలవాటు చేశారు. పాశ్చాత్య దేశాలలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు ప్రతిఘటన ఉద్యమం మీద ఇటువంటి నవలలు కోకొల్లలు. వాటిలో కథానాయిక తెలివంతా ఎదుటివారిని నమ్మించి మోసగించడంలోనే ఉంటుంది.

నిజంగా ఆ పనిలో దిగి ప్రాణం ఇచ్చిన ఒక యువతి మాత్రం మోసం చేతకాని మనిషి. ఆమె పేరు నూర్ ఇనాయత్ ఖాన్. ఆమె క్రైస్తవురాలు కాదు, సూఫీ గురువు ఇంట పుట్టిన బిడ్డ. అయినప్పటికీ ఆమె జీవితంలో ఎదురైన ప్రశ్న మన నీతిశాస్త్రం వందల ఏళ్లుగా తర్కిస్తున్న ప్రశ్నే. అన్యాయం చేసే శత్రువు దగ్గర నిజం చెప్పనక్కరలేదా? అతనికి ఇచ్చిన మాట కూడా మాటేనా?

హైదరాబాదు నుండి పారిస్ దాకా

నూర్ తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ 1882లో బరోడాలో సంగీత విద్వాంసుల కుటుంబంలో జన్మించారు. తల్లి వైపున వారి వంశం మైసూరు పాలకుడు టిప్పు సుల్తానుతో కలుస్తుందని కుటుంబ పరంపర చెబుతుంది. గత శతాబ్దపు తొలి సంవత్సరాలలో ఆయన హైదరాబాదు చేరి, నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో వీణ వాయించి మన్ననలు పొందారు. అయితే ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది కొలువు కాదు. అదే నగరంలో సయ్యద్ అబూ హాషిం మదనీ అనే చిష్తీ సూఫీ గురువు ఆయనకు లభించారు. ఆ గురువు వద్ద శిష్యరికం చేసి, 1910లో పాశ్చాత్య దేశాలకు బయలుదేరారు. అమెరికాలో ఓరా రే బేకర్ అనే యువతి పరిచయమైంది. వారి వివాహం జరిగి, 1914 జనవరి 1న మాస్కోలో నూర్ పుట్టింది. తరువాత ముగ్గురు పిల్లలు కలిగారు. కుటుంబం లండనులో కొన్నేళ్లు గడిపి, చివరకు పారిస్ పక్కన ఉన్న సూరేన్ పట్టణంలో స్థిరపడింది.

1927లో తండ్రి ఢిల్లీలో మరణించారు. ఆ దుఃఖంలో తల్లి మంచం పట్టినట్లయింది. పదమూడేళ్ల నూర్ మీద ఇంటి భారం పడింది. తమ్ముళ్లను, చెల్లెలిని చూసుకుంటూనే సొర్బాన్ విశ్వవిద్యాలయంలో పిల్లల మనస్తత్వ శాస్త్రం చదివింది. పియానో, హార్ప్ నేర్చింది. పిల్లల కోసం కథలు రాసింది. అవి పత్రికలలో అచ్చయ్యాయి, పారిస్ రేడియోలో వినిపించాయి.

1939లో లండనులో ఆమె పుస్తకం ఒకటి వెలువడింది. అది ఇరవై జాతక కథల సంపుటి. జాతక కథలు మన కృష్ణా తీరానికి కొత్తవి కావు. అమరావతి స్తూపం మీద మన పూర్వులు చెక్కినవి అవే. ఆమె తిరిగి చెప్పిన కథలలో కోతుల రాజు కథ ఒకటి. వేటగాళ్లు చుట్టుముట్టినప్పుడు ఆ రాజు ఏటికి అడ్డంగా తన శరీరాన్నే వంతెన చేసి తనవారినందరినీ దాటించి, తాను వెన్ను విరిగి మరణిస్తాడు. ఆ కథ రాసిన చేయి నాలుగేళ్లలో ఏ పని చేయబోతుందో అప్పుడు ఎవరూ ఊహించలేదు.

నిజం చెప్పి సంపాదించిన ఉద్యోగం

1940 జూన్‌లో జర్మను సేనలు పారిస్‌లో ప్రవేశించాయి. నూర్ తల్లి, తమ్ముడు విలాయత్, చెల్లెలితో కలిసి ఓడ ఎక్కి ఇంగ్లండు చేరింది. అహింసను ఊపిరిగా చేసుకున్న ఇల్లు అది. హిట్లరు దౌర్జన్యాన్ని చూస్తూ ఊరుకోవడం ధర్మమా అని అక్కా తమ్ముడూ తర్కించుకున్నారు. ఒకరిని చంపే పని కాకుండా, ప్రమాదాన్ని తామే మోసే పని చేయాలని నిశ్చయించుకున్నారు. ఆ సంవత్సరం నవంబరులో ఆమె వైమానిక దళపు మహిళా విభాగంలో చేరి వైర్‌లెస్ నేర్చుకుంది.

1942లో పై పదవి కోసం అధికారుల ముందు కూర్చున్నప్పుడు భారత స్వాతంత్ర్యం గురించి అడిగారు. అవి క్విట్ ఇండియా రోజులు. ఆ ఆగస్టు 12న మన తెనాలిలో పోలీసు కాల్పులకు ఏడుగురు బలయ్యారు. బ్రిటిషు అధికారుల ఎదుట కూర్చుని, యుద్ధం ముగిశాక భారత స్వాతంత్ర్యం కోసం పనిచేసే నాయకుల పక్షాన నిలబడతానని ఆమె దాచకుండా చెప్పింది. ఉద్యోగం పోతుందేమోనని మాట మార్చలేదు.

ఫ్రెంచి భాష సొంత భాషలా రావడం, వైర్‌లెస్ తెలియడం చూసి ఆమెను స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అనే రహస్య సంస్థ పిలిచింది. శత్రువు ఆక్రమించిన దేశాలలో ప్రతిఘటన దళాలకు ఆయుధాలు, డబ్బు, మనుషులను చేరవేయడం 1940లో పుట్టిన ఆ సంస్థ పని. శిక్షణలో ఆమె గురించి అధికారులు రాసిన నివేదికలు అంత మెచ్చుకోలుగా లేవు. తుపాకి మోతకు బెదురుతుందనీ, ఈ పనికి సరిపోదేమోననీ కొందరు రాశారు. రెండు ముఖాలు పెట్టుకొని చేయవలసిన పని తనకు ఇష్టం లేదని ఆమె స్వయంగా శిక్షకులకు చెప్పింది. అయినా వైర్‌లెస్ తెలిసినవారి కొరత తీవ్రంగా ఉంది. ఆమెను పంపడానికే నిర్ణయించారు.

పారిస్‌లో నాలుగు నెలలు

1943 జూన్ 16 రాత్రి వెన్నెల వెలుగులో ఒక చిన్న విమానం ఆమెను ఫ్రాన్సు పొలాలలో దింపింది. మారుపేరు జాన్ మారీ రెన్యే, సంకేతనామం మాడ్లీన్. ఆ సంస్థ ఫ్రాన్సుకు పంపిన తొలి మహిళా వైర్‌లెస్ ఆపరేటరు ఆమే. చేరి వారం పది రోజులైనా కాకముందే ఆమె పనిచేయవలసిన దళం నాయకునితో సహా గెస్టపో చేతికి చిక్కింది. తిరిగి వచ్చేయమని లండను అవకాశమిచ్చింది. తాను వస్తే పారిస్‌కూ లండనుకూ మధ్య మాట కలిపేవారు ఉండరని ఆమె నిరాకరించింది.

ఈ పనిలో నవలల హంగు ఏమీ లేదు. ఒక పెట్టెలో దాచిన వైర్‌లెస్ సెట్టు సుమారు పదిహేను కిలోల బరువు. దానికి చెట్టుకో, కిటికీకో పొడవాటి ఏరియల్ కట్టాలి. సందేశం పంపడం మొదలుపెట్టిన అరగంటలోపే శత్రువు వ్యానులు ఇల్లు కనిపెట్టి వాకిట్లోకి రాగలవు. కనుక రోజుకొక ఇల్లు మారుతూ, జుట్టు రంగు మారుస్తూ, సైకిలు మీద తిరగాలి. ఈ పనిలో ఉన్నవారు పట్టుబడకుండా ఆరు వారాలు గడిపితే గొప్ప. నూర్ దాదాపు నాలుగు నెలలు నిలిచింది.

ఒకనాడు మెట్రో రైలులో జర్మను సైనికులు ఆ పెట్టె ఏమిటని అడిగారనీ, సినిమా చూపే యంత్రమని ఆమె చెప్పి బయటపడిందనీ జీవితచరిత్ర రాసినవారు తెలిపారు. అది అబద్ధమే. మన పుణ్యపురుషుల కొలతలో దానిని ఎలా చూడాలి? పునీత అగస్టీను ఏ అబద్ధాన్నీ ఒప్పుకోలేదు. తగాస్తె పీఠాధిపతి ఫిర్ముసు గురించి ఆయన రాశారు. తన దగ్గర దాగిన మనిషి కోసం చక్రవర్తి భటులు వచ్చినప్పుడు ఆయన అబద్ధమాడనూ లేదు, ఆ మనిషిని పట్టివ్వనూ లేదు. చిత్రహింసలను మాత్రం భరించాడు. పునీత తోమాసు అక్వినాసు యుద్ధంలో మాటు వేయడం గురించి ఆలోచిస్తూ ఒక గీత గీశారు. మన ఆలోచనను శత్రువుకు చెప్పకుండా దాచడం తప్పు కాదు. అసత్యం పలకడం, ఇచ్చిన మాట తప్పడం మాత్రం శత్రువు విషయంలోనూ ధర్మం కాదు. ఈ కొలత ప్రకారం మెట్రోలో పలికిన ఆ మాట గీతకు అవతలే పడుతుంది. ఆ సెట్టు చిక్కితే ఎంతమంది ప్రాణాలు పోయేవో తెలిసినవారు ఆమెను తూలనాడలేరు కూడా. అయితే ఆ గీతలోని రెండవ సగం ఆమె జీవితంలో త్వరలోనే పరీక్షకు వచ్చింది.

సంతకం పెట్టని చేయి

1943 అక్టోబరు నడుమ, ఇంగ్లండుకు తిరిగి రావడానికి ఏర్పాట్లు జరుగుతుండగా, డబ్బుకు ఎవరో ఆమె చిరునామా అమ్మారు. ఫోష్ అవెన్యూలోని 84వ నంబరు భవనంలో బంధించారు. తీసుకువచ్చిన కొద్దిసేపటికే స్నానాలగది కిటికీలోంచి తప్పించుకోబోయి దొరికిపోయింది. వారాల తరబడి ప్రశ్నించినా తోటివారి గురించి ఆమె నుండి ఏమీ రాబట్టలేకపోయామని గెస్టపో అధికారులే యుద్ధానంతరం ఒప్పుకొన్నారు. ఫిర్ముసు చేసినదే ఆమె ఇక్కడ చేసింది.

నవంబరు 25 రాత్రి మరో ఇద్దరు ఖైదీలతో కలిసి పైకప్పు ఊచలు ఊడదీసి బయటపడింది. అదే సమయానికి విమానదాడి సైరను మోగి, కావలివారు గదులు తనిఖీ చేయడంతో ముగ్గురూ పట్టుబడ్డారు. ఇక పారిపోమని మాట ఇస్తూ సంతకం చేయమని అధికారి కాగితం ముందుంచాడు. ఒకరు సంతకం చేశారు. నూర్, ఫ్రెంచి అధికారి లియోన్ ఫాయ్ చేయలేదు.

పాఠకులు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆమె సంతకం చేసి, అవకాశం దొరికిన రోజున పారిపోయి ఉండవచ్చు. నవలలో కథానాయిక అయితే తప్పకుండా అదే చేస్తుంది, పాఠకులం చప్పట్లు కొడతాం. కానీ పారిపోకుండా ఉండే ఉద్దేశం ఆమెకు లేదు. నిలబెట్టుకోని మాటను శత్రువుకైనా ఇవ్వదలచుకోలేదు. ఆ నిరాకరణకు వెల ఏమిటో వెంటనే తెలిసింది. మరునాడే జర్మనీకి తరలించారు. ఫోర్జ్‌హైమ్ జైలులో చేతులకూ కాళ్లకూ గొలుసులు వేసి పది నెలలు ఒంటరి గదిలో ఉంచారు. అన్నం గిన్నె అడుగున గీసిన అక్షరాల ద్వారానే తక్కిన ఖైదీ స్త్రీలకు ఆమె ఉనికి తెలిసింది.

ఒక తప్పు, దాని ఫలితం

పుణ్యాత్ముల జీవితాలను చెప్పేటప్పుడు తప్పులను దాచడం మంచిది కాదు. నూర్ పంపిన సందేశాలను, వాటి రహస్య సంకేతాలను ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచుకొంది. అది ఈ పనిలో చేయకూడని పని. ఆమెకు ఇచ్చిన ఆదేశంలోని ఒక పదాన్ని అపార్థం చేసుకొని ఉంటుందని చరిత్రకారులు భావిస్తున్నారు. పుస్తకమూ సెట్టూ శత్రువుకు చిక్కాయి. జర్మనులు ఆమె పేరుతోనే లండనుకు సందేశాలు పంపసాగారు. ఆమెకు ఏదో జరిగిందని హెచ్చరిక అందినా లండను అధికారులు దానిని లెక్కచేయలేదు. నిజం చెప్పిన వార్తాహరుని కాదని అబద్ధం చెప్పిన యంత్రాన్ని నమ్మారు.

1944 ఫిబ్రవరి చివరి రాత్రులలో ఆ సందేశాలను నమ్మి పారాచూట్లతో ముగ్గురిని దింపారు. నేల మీద ఎదురుచూస్తున్నది గెస్టపో. ఆ ముగ్గురిలో ఒకరు ఉత్తర ఫ్రాన్సుకు చెందిన మాడ్లీన్ దామర్మాన్, భక్తిగల కతోలిక యువతి. నూర్ సంకేతనామమూ మాడ్లీనే.

1944 సెప్టెంబరులో నూర్‌ను మరి ముగ్గురు మహిళా ఏజెంట్లతో కలిపి రైలులో డకావ్ నిర్బంధ శిబిరానికి తీసుకువెళ్లారు. యోలాండ్ బీక్మన్, ఎలియాన్ ప్లూమన్, మూడవది ఆ మాడ్లీన్ దామర్మానే. తన సెట్టు కారణంగా పట్టుబడిన అమ్మాయి పక్కనే నూర్ చివరి ప్రయాణం చేసింది. ఆ సంగతి వారిద్దరికీ ఎంతవరకు తెలుసో దేవునికే ఎరుక. సెప్టెంబరు 13న తెల్లవారుజామున నలుగురినీ కాల్చి చంపారు. నూర్ వయస్సు 30, మాడ్లీన్ వయస్సు 26.

డకావ్ పేరు మనకు తెలిసినదే. 2,700 మందికి పైగా మతాధికారులను, అత్యధికంగా కతోలిక గురువులను, హిట్లరు ప్రభుత్వం అక్కడ బంధించింది. వెయ్యిమందికి పైగా అక్కడే మరణించారు. 2022లో పునీతునిగా ప్రకటించబడిన టైటస్ బ్రాండ్స్మా 1942లో కన్నుమూసినదీ ఆ శిబిరంలోనే. ఆ గురువుల బూడిద కలిసిన నేలలోనే ఈ సూఫీ బిడ్డ బూడిద కూడా కలిసింది.

మిగిలినది

ఆ విభాగం ఫ్రాన్సుకు పంపిన 39 మంది స్త్రీలలో 13 మంది తిరిగి రాలేదు. వారి ఆచూకీ కోసం అదే కార్యాలయపు అధికారిణి వెరా ఆట్కిన్స్ యుద్ధానంతరం జర్మనీ అంతా గాలించింది. నూర్ చనిపోయినది డకావ్‌లోనని 1947లో గాని రూఢి కాలేదు. 1949లో బ్రిటన్ జార్జ్ క్రాస్ ప్రకటించింది. ఫ్రాన్సు క్రోయిక్స్ డ గేర్ పతకంతో గౌరవించింది. 2012లో లండను గోర్డన్ స్క్వేర్ తోటలో ఆమె శిల్పాన్ని ఆవిష్కరించారు. ఆమె మీద నవలలు, సినిమాలు వచ్చాయి, ఇంకా వస్తాయి. వాటిలో సాహసం ఉంటుంది. సంతకం పెట్టని ఆ నిమిషానికి ఎంత చోటు దొరుకుతుందో పాఠకులే చూసుకోవాలి.

ముందు సంతకం పెట్టేద్దాం, తరువాత చూసుకోవచ్చు అనే మాట మన ఊళ్లలో కొత్త కాదు. అప్పు పత్రం మీద, పొలం కౌలు కాగితం మీద, పెండ్లి మాటల దగ్గర, చివరకు దేవుని పీఠం ముందు కూడా మనం అలాగే మాట ఇస్తుంటాం. ఎదుటివాడు మంచివాడు కాదు కదా, అతనికిచ్చిన మాట తప్పితే ఏమి అనే సమాధానం కూడా సిద్ధంగా ఉంటుంది. నూర్ ఎదుటివాడు గెస్టపో అధికారి. అంతకన్నా చెడ్డవాడు మనలో ఎవరికీ తారసపడి ఉండడు. అతనికి కూడా ఆమె తప్పబోయే మాటను ఇవ్వలేదు. ఈ వారం మనం ఎవరికైనా మాట ఇచ్చేముందు ఆ గొలుసుల చేతులను ఒకసారి తలచుకొందాం.