వ్రేళ్లతో పాట విన్న హెలెన్ కెల్లర్

మన దేవాలయములలో చెవిటివారికి తరచు వెనుక బల్లయే దొరుకుతుంది. పాట వారికెందుకని మన ఊహ. మైపాడు ఒడ్డున పడవ దింపేవారినడిగితే, కెరటము విరిగిన అదురు ఇసుకలోనుండి పాదానికి తెలుస్తుందని చెప్తారు. ఆ త్రోవనే సంగీతమును అందుకున్న తల్లి హెలెన్ కెల్లర్ గారు.

ఆమె 1880 జూన్ 27న అమెరికాలో అలబామా రాష్ట్రములోని టస్కంబియాలో జన్మించారు. పంతొమ్మిది నెలల ప్రాయమున జబ్బుచేసి చూపు, వినికిడి రెండూ పోయాయి. 1887లో ఆనీ సల్లివాన్ గారు గురువుగా వచ్చి, పంపు నీరు ఒక చేతిపై పడుతుండగా రెండవ అరచేతిలో ఆ మాట వ్రాసి చూపిన సంగతి బడిలో చాలమంది చదివినదే. 1904లో హెలెన్ గారు పట్టభద్రురాలయ్యారు.

ఎదుటివారి పెదవులపై, గొంతుపై వ్రేళ్లుంచి మాట గ్రహించడము ఆమె నేర్చుకున్నారు. గాయకుడు కరూసో గారి పాటను అలాగే విన్నారు. హైఫెట్జ్ గారు వాయిస్తుండగా వయొలిన్ చెక్కను తాకి విన్నారు. స్వరమంటే అదురే గదా! గాలిలో వస్తే చెవికి, చెక్కలో వస్తే వేలికి. మంద్రస్వరము చేతికి బాగా అందుతుంది, మరీ హెచ్చుస్వరము అందదు. అందుకే మన డోలక్ అదురు బల్లపై ఆనించిన చేతికి చేరుతుంది. చూపున్న చెవిటివారికి తాళము వేసే చెయ్యి కనబడితే మరీ మేలు. హెలెన్ గారికి ఆ ఆధారము కూడా లేదు.

1924 ఫిబ్రవరి 1 రాత్రి న్యూయార్క్ సింఫనీ వాద్యబృందము బీతోవెన్ తొమ్మిదవ సింఫనీని రేడియోలో వినిపించింది. ఇంటిలో ఒకరు రేడియో మూత విప్పగా, లోపలి పలుచని రేకుపై ఆమె చెయ్యి ఉంచారు. డోళ్ల మ్రోత, తీగల పలుకు, చివర మనుష్యుల గొంతులు ఒక్కుమ్మడి లేవడము వేరువేరుగా తెలిశాయి. మరునాడే ఆ బృందమునకు ఉత్తరము వ్రాశారు. ఆ సంగీతమును కూర్చేనాటికి బీతోవెన్ గారు కూడా చెవిటివారే. 1824 మే 7న వియన్నాలో తొలిసారి దానిని వినిపించినప్పుడు, ఒక గాయని ఆయనను సభవైపు త్రిప్పితే గాని చప్పట్లు కొట్టుచున్న చేతులను చూడలేదు.

హెలెన్ గారు 1955లో మన దేశమునకు వచ్చారు. అప్పటికి ఆమెకు డెబ్బది నాలుగేండ్లు. 1968 జూన్ 1న కన్నుమూశారు. ఆమె అస్థికలు వాషింగ్టన్ కెథడ్రల్‌లో గురువుగారి ప్రక్కనే ఉన్నాయి. అక్కడి కంచు పలకపై బ్రెయిలీ చుక్కలున్నాయి. చూపులేనివారు తాకి చదువుకుంటారు.