పూసపాటి విజయానంద గజపతి రాజు

విజ్జీ అనే పేరుతో క్రికెట్ లోకంలో ప్రసిద్ధుడైన పూసపాటి విజయానంద గజపతి రాజు (డిసెంబర్ 28, 1905 - డిసెంబర్ 2, 1965) భారత క్రికెట్ జట్టు మాజీ కెప్టెన్, క్రికెట్ పోషకుడు, క్రీడా పాలకుడు, రేడియో వ్యాఖ్యాత, పార్లమెంటు సభ్యుడు. స్కోరు పుస్తకాలలో ఈయన పేరు విజయనగరం మహరాజ్‌కుమార్ అని కనిపిస్తుంది. 1936లో ఇంగ్లాండులో పర్యటించిన భారత జట్టుకు నాయకత్వం వహించాడు. స్వాతంత్ర్యానంతరం ఆకాశవాణిలో క్రికెట్ వ్యాఖ్యానం చేశాడు. 1959లో బీబీసీ ఈయనను అతిథి వ్యాఖ్యాతగా ఆహ్వానించింది. ఆటగాడిగా, నాయకుడిగా ఎన్నో విమర్శలను ఎదుర్కొన్న విజ్జీ వ్యాఖ్యాతగా కూడా శ్రోతల మెప్పు పొందలేకపోయాడు. అయినప్పటికీ భారత క్రికెట్ తొలి దశాబ్దాల చరిత్రలో ఈయన పేరు విస్మరించడానికి వీలులేనిది.

బాల్యం, విద్య

విజ్జీ విజయనగర సంస్థానాధీశుడైన పూసపాటి విజయరామ గజపతి రాజు రెండవ కుమారుడు. మహరాజ్‌కుమార్ అనే బిరుదు ఆ విధంగా సంక్రమించినదే. అజ్మీరులోని మేయో కళాశాలలోనూ, ఇంగ్లాండులోని హేలీబరీలోనూ విద్యాభ్యాసం చేశాడు. టెన్నిస్ ఆటలోనూ, వేటలోనూ నేర్పరి. 1922లో తండ్రి మరణించగా అన్నగారు అలక నారాయణ గజపతి రాజు సంస్థానానికి వారసుడయ్యాడు. విజ్జీ కాశీలో ఉన్న కుటుంబ ఆస్తుల వద్దకు తరలివెళ్ళాడు. అప్పటినుండి ఈయన క్రికెట్ జీవితమంతా ప్రధానంగా ఉత్తర భారతదేశంతోనే ముడివడింది. కాశీపూర్ సంస్థానాధీశుని పెద్ద కుమార్తెను వివాహమాడాడు.

క్రికెట్ పోషకుడు

1926లో విజ్జీ సొంత జట్టును ఏర్పాటు చేసి, తన భవన ప్రాంగణంలోనే క్రీడా మైదానాన్ని నిర్మించాడు. దేశంలోని మంచి ఆటగాళ్ళతో పాటు విదేశీ క్రీడాకారులను కూడా రప్పించేవాడు. 1930-31లో జరగవలసిన ఎం.సి.సి. జట్టు భారత పర్యటన నాటి రాజకీయ పరిస్థితుల వలన రద్దయింది. అప్పుడు విజ్జీ స్వయంగా జట్టును కూర్చి భారతదేశంలోనూ, సింహళంలోనూ పర్యటింపజేశాడు. జగద్విఖ్యాత ఇంగ్లాండు ఓపెనింగ్ జోడీ జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్ ఆ జట్టులో ఆడారు. కొన్నేళ్ళ తరువాత వెస్టిండీస్ ఆల్‌రౌండర్ లియరీ కాన్‌స్టంటైన్‌ను కూడా రప్పించాడు. విద్యార్థిగా ఉన్న ముస్తాక్ అలీలోని ప్రతిభను గుర్తించి కాశీకి పిలిపించి శిక్షణ ఇప్పించాడు.

1932లో ఇంగ్లాండు వెళ్ళిన భారత జట్టుకు విజ్జీని ఉప నాయకుని సహాయకునిగా నియమించారు. కాని ఆరోగ్యం, ఆటతీరు బాగులేవని చెప్పి ఆయన తప్పుకున్నాడు. ఆ పర్యటనలో లార్డ్స్ మైదానంలో జరిగిన భారతదేశపు మొట్టమొదటి టెస్టుకు కొఠారి కనకయ్య నాయుడు (సి.కె.నాయుడు) నాయకత్వం వహించాడు. నాయుడు నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందినవాడు. ఆ విధంగా భారత జట్టు తొలి నాయకులలో ఇద్దరు తెలుగువారు కావడం విశేషం.

1936 ఇంగ్లాండు పర్యటన

1936 పర్యటనకు విజ్జీ కెప్టెన్‌గా ఎన్నికయ్యాడు. ఆటలో తనకంటే ఎన్నో రెట్లు మేటియైన సి.కె.నాయుడు ఆయన నాయకత్వంలో ఆడవలసి వచ్చింది. ముప్పయ్యారు పెట్టెల సామానుతో, ఇద్దరు సేవకులతో విజ్జీ ఓడ ఎక్కాడని చెబుతారు. జట్టు రెండు వర్గాలుగా చీలిపోయింది. భారత గడ్డపై జరిగిన తొలి టెస్టులో (1933, బొంబాయి) శతకం సాధించిన లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరుతో మొదటి టెస్టుకు ముందే స్వదేశానికి పంపివేశారు.

మూడు టెస్టులలో లార్డ్స్, ఓవల్ మైదానాలలో భారత్ తొమ్మిదేసి వికెట్ల తేడాతో ఓడిపోయింది. మాంచెస్టరు టెస్టు డ్రా అయింది. ఆ టెస్టు రెండవ ఇన్నింగ్స్‌లో విజయ్ మర్చంట్ (114), ముస్తాక్ అలీ (112) మొదటి వికెట్‌కు 203 పరుగులు జోడించారు. మర్చంట్‌ను రనౌట్ చేయించమని విజ్జీ ముస్తాక్ అలీకి సూచించాడనీ, ముస్తాక్ ఆ మాట మర్చంట్‌కే చెప్పివేశాడనీ క్రికెట్ లోకంలో ప్రచారంలో ఉన్న కథ ఈ ఇన్నింగ్స్‌కు సంబంధించినదే. విజ్జీ మూడు టెస్టులలో 33 పరుగులు మాత్రమే చేశాడు. సగటు 8.25, అత్యధిక స్కోరు 19 నాటౌట్. ఆ పర్యటన సాగుతుండగానే బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదునిచ్చింది.

స్వదేశానికి వచ్చిన తరువాత బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సర్ జాన్ బ్యూమాంట్ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. 1937 జనవరిలో వెలువడిన నివేదిక అమర్‌నాథ్‌ను నిర్దోషిగా తేల్చి, విజ్జీ నాయకత్వాన్ని తప్పుపట్టింది. ఆపై ఈయన టెస్టులు ఆడలేదు.

క్రీడా పాలకుడు

సుమారు పదిహేడేళ్ళ తరువాత విజ్జీ తిరిగి భారత క్రికెట్‌లో ఉన్నత స్థానానికి చేరుకున్నాడు. 1954 నుండి 1956 వరకు భారత క్రికెట్ నియంత్రణ మండలి అధ్యక్షుడిగా పనిచేశాడు. తెలుగు నేలపై మొట్టమొదటి టెస్టు ఈ కాలంలోనే, 1955 నవంబరులో న్యూజీలాండుతో హైదరాబాదులోని ఫతే మైదానంలో జరిగింది. అందులో పాలీ ఉమ్రిగర్ 223 పరుగులు చేసి, టెస్టులలో ద్విశతకం సాధించిన తొలి భారతీయుడయ్యాడు. 1956 జనవరిలో అదే పర్యటనలోని మద్రాసు టెస్టులో వినూ మన్కడ్, పంకజ్ రాయ్ మొదటి వికెట్‌కు 413 పరుగులు జోడించారు. 2008 వరకు అది ప్రపంచ రికార్డుగా నిలిచింది.

ఉత్తర ప్రదేశ్ క్రికెట్ అభివృద్ధికి కూడా విజ్జీ కృషి చేశాడు. ఒకనాటి ప్రత్యర్థి సి.కె.నాయుడును 1956-57లో ఉత్తర ప్రదేశ్ రంజీ జట్టుకు నాయకునిగా రప్పించాడు. అప్పటికి నాయుడు వయస్సు 61 సంవత్సరాలు.

రేడియో వ్యాఖ్యాతగా

టెలివిజన్ ఇంటింటికీ రాక పూర్వం క్రికెట్ అభిమానులకు రేడియోయే ఆధారం. చిత్తూరు, తిరుపతి వంటి పట్టణాలలోని అభిమానులలో మద్రాసు వెళ్ళి టెస్టు చూడగలిగినవారు కొద్దిమందే. మిగిలినవారికి వ్యాఖ్యాత మాటలలోనే ఆట కనబడాలి. బౌలర్ ఎవరు, ఫీల్డర్లు ఎక్కడ నిలుచున్నారు, బంతి ఎటు వెళ్ళింది, స్కోరు ఎంత అనే నాలుగు విషయాలు ఎప్పటికప్పుడు అందకపోతే శ్రోత చీకటిలో ఉండిపోతాడు. టెలివిజన్ వ్యాఖ్యాత కొంతసేపు మౌనంగా ఉన్నా నష్టం లేదు, ప్రేక్షకునికి బంతి కనిపిస్తూనే ఉంటుంది. రేడియోలో ఆ వెసులుబాటు లేదు.

భారతదేశంలో క్రికెట్ వ్యాఖ్యానానికి 1930లలో ఆద్యుడైన వ్యక్తి ఎ.ఎఫ్.ఎస్. తల్యార్‌ఖాన్. బొంబాయి పోటీలకు ఆయన రోజంతా ఒక్కడే మైకు ముందు కూర్చుని వ్యాఖ్యానం చెప్పేవాడు. ఇతరులతో మైకును పంచుకోవడానికి ఇష్టపడక, 1948-49 వెస్టిండీస్ పర్యటన నాటికి ఆకాశవాణి వ్యాఖ్యాతల బృందాన్ని నియమించదలచినపుడు తప్పుకున్నాడు. అటు తరువాత కొంతసేపటికొకరు చొప్పున వంతులవారీగా వ్యాఖ్యానించే పద్ధతి స్థిరపడింది. బెర్రీ సర్వాధికారి, పియర్సన్ సురితా, దేవరాజ్ పురి, వి.ఎం. చక్రపాణి మొదలైనవారు ఈ తరంలో పేరుపొందారు. వ్యాఖ్యానమంతా ఆంగ్లంలోనే సాగేది. ఆంగ్లం అంతగా రానివారు కూడా గొంతులోని హెచ్చుతగ్గులను బట్టి, వెనుక వినవచ్చే ప్రేక్షకుల కేరింతలను బట్టి ఆటను ఊహించుకునేవారు.

విజ్జీ ఈ రంగంలోకి వచ్చేనాటికి ఆయనకు ఉన్న అనుభవం ఇతర వ్యాఖ్యాతలలో చాలామందికి లేదు. టెస్టు జట్టుకు నాయకత్వం వహించాడు, హాబ్స్ వంటి మహామహులతో కలిసి ఆడాడు, నియంత్రణ మండలికి అధ్యక్షత వహించాడు, ఆంగ్లంలో మంచి పట్టు ఉన్నవాడు. 1959లో దత్తా గైక్వాడ్ నాయకత్వంలో భారత జట్టు ఇంగ్లాండులో పర్యటించినపుడు బీబీసీ ఆయనను వ్యాఖ్యాతల బృందంలోకి ఆహ్వానించింది. ఆ సిరీస్‌లోని ఐదు టెస్టులనూ భారత్ ఓడిపోయింది.

అయితే ఈ అర్హతలు ఏవీ ఆయన వ్యాఖ్యానాన్ని రక్తి కట్టించలేకపోయాయి. అది విసుగు పుట్టించేదిగా పేరుపడింది. పత్రికా రచయితలు ఆయన నాయకత్వం కంటే వ్యాఖ్యానమే అధ్వాన్నమని ఎత్తిపొడిచారు. దీనిపై ఒక చమత్కార కథ కూడా ప్రచారంలో ఉంది. విజ్జీ తాను ఎన్నో పులులను వేటాడిన సంగతి వర్ణిస్తుండగా, వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ రోహన్ కన్హాయ్ అడ్డు తగిలి, తుపాకీతో పని ఏముంది, మీ వ్యాఖ్యానం వస్తున్నప్పుడు ట్రాన్సిస్టరు అడవిలో వదిలివస్తే పులులు విసుగుతోనే చచ్చి ఉంటాయనుకున్నానని అన్నాడట.

ఆట తెలియడం వేరు, ఆటను కళ్ళకు కట్టించడం వేరు అనడానికి విజ్జీ వ్యాఖ్యానం ఒక ఉదాహరణ. ఆట గురించి తీరికగా విశ్లేషించేవాడు, బంతి బంతికీ వర్ణించేవాడు వేర్వేరు నేర్పులు కలవారు. మాజీ ఆటగాళ్ళను వర్ణనకు కాక విశ్లేషణకు వినియోగించుకునే పద్ధతి తరువాతి కాలంలో బాగా వ్యాప్తి చెందింది. హోదాను బట్టి కాక, శ్రోతకు ఆట ఎంత స్పష్టంగా అందుతున్నదనే దానిని బట్టే వ్యాఖ్యాతను అంచనా వేయవలసి ఉంటుంది. కెప్టెన్ పదవి, మండలి అధ్యక్ష పదవి ఓట్లతో లభించాయి గాని, శ్రోతల మెప్పును ఆ విధంగా పొందడం సాధ్యం కాలేదు.

రాజకీయ జీవితం, మరణం

1947 జూలైలో విజ్జీ సర్ బిరుదును వదులుకుంటున్నట్లు మౌంట్‌బాటన్‌కు లేఖ రాశాడు. 1958లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో సత్కరించింది. 1962 సాధారణ ఎన్నికలలో కాంగ్రెసు అభ్యర్థిగా విశాఖపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. అంతకు ముందు 1957లో ఇదే స్థానం నుండి ఆయన అన్న కుమారుడు పి.వి.జి. రాజు ఎన్నికయ్యాడు. పార్లమెంటు సభ్యుడిగా ఉండగానే 1965 డిసెంబరు 2న కాశీలో మరణించాడు.

గుర్తింపు

విశ్వవిద్యాలయాల అంతర మండల క్రికెట్ పోటీలకు విజ్జీ ట్రోఫీ అని పేరు పెట్టారు. సునీల్ గవాస్కర్ వంటి మేటి ఆటగాళ్ళు ఎదిగివచ్చినది విశ్వవిద్యాలయ క్రికెట్ నుండే. మొత్తం మీద 47 ఫస్ట్‌క్లాస్ మ్యాచ్‌లలో విజ్జీ 1,228 పరుగులు చేశాడు. పరుగులతో గాని, నాయకత్వంతో గాని, వ్యాఖ్యానంతో గాని సంపాదించలేకపోయిన గౌరవాన్ని యువ క్రీడాకారులను ఆదరించడం వలన ఆయన పొందాడు. మాంచెస్టరులో 1936లో జట్టును ఓటమి నుండి కాపాడిన ముస్తాక్ అలీని విద్యార్థి దశలోనే గుర్తించి చేరదీసినవాడు విజ్జీయే.