దుక్కి దున్నే కుర్రాడి కోసం బైబిల్

బ్రిస్టల్ నుంచి గ్లోస్టర్ వైపు ఎం5 మీద వెళ్తుంటే కుడిచేతి వైపు కొండమీద సన్నగా ఒక రాతి గోపురం కనిపిస్తుంది. ఆఫీసు పనిమీద ఎన్నోసార్లు ఆ దారిన తిరిగాను కానీ, ఎవరో జమీందారు సరదాకి కట్టించుకున్నదేమో అనుకుని ఊరుకున్నాను. కిందటి వేసవి సెలవుల్లో మా అబ్బాయి అదేంటి నాన్నా అని అడిగాడు. తెలియదని చెప్పలేక కారు పక్కదారి పట్టించాను.

ఊరి పేరు నార్త్ నిబ్లీ. గోపురం ఎత్తు 111 అడుగులు, కట్టింది 1866లో. అది విలియం టిండేల్ జ్ఞాపకార్థం కట్టినది. ఆయన ఈ చుట్టుపక్కలే ఎక్కడో పుట్టాడని నమ్మకం. మన పిల్లలు ఇక్కడి బడుల్లో నేర్చుకునే ఇంగ్లిషులో ఎన్నో మాటలు ఆయన పెట్టిన భిక్షే. ఆ పని చేసినందుకు ఆయన్ని గొంతు నులిమి చంపి, శవాన్ని తగలబెట్టారు. ఇంటికొచ్చాక ఆయన గురించి దొరికినదల్లా చదివాను. మీతో పంచుకోవాలనిపించింది.

ఇంట్లో భాష, గుడిలో భాష

టిండేల్ 1494 ప్రాంతంలో గ్లోస్టర్‌షైర్‌లో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్‌లో 1512లో బీఏ, 1515లో ఎంఏ పూర్తిచేశారు. గురువుగా అభిషేకం కూడా పొందారు. అప్పటి చదువు తీరు విచిత్రంగా ఉండేది. ఏళ్ల తరబడి తర్కం, తత్వశాస్త్రం చదివితేగానీ బైబిల్ దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆలోచనలన్నీ ముందే ఒక మూసలో పోసేశాక ఇక గ్రంథం చదివి ఏం లాభమని ఆయన తరవాత చాలాచోట్ల వాపోయారు.

చదువుకున్నవాళ్ల సంగతే అలా ఉంటే మామూలు జనం మాట చెప్పేదేముంది? చర్చిలో ప్రార్థన లాటిన్‌లో, బైబిల్ లాటిన్‌లో. అంతకు నూటయాభై ఏళ్ల ముందు విక్లిఫ్ అనుచరులు లాటిన్ నుంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చిన చేతిరాత ప్రతులు చాటుమాటుగా తిరుగుతుండేవి. బిషప్ అనుమతి లేకుండా లేఖనాలను ఇంగ్లిష్‌లోకి మార్చకూడదని 1409 నుంచి నిషేధం ఉంది. పిల్లలకు ప్రభువు ప్రార్థనను, పది ఆజ్ఞలను ఇంగ్లిష్‌లో నేర్పినందుకు కోవెంట్రీలో ఏడుగురిని సజీవదహనం చేశారని జాన్ ఫాక్స్ తన చరిత్రలో రాశాడు.

ఇంతలో రెండు సంగతులు జరిగాయి. 1516లో ఎరాస్మస్ అనే డచ్ పండితుడు కొత్త నిబంధనను మూలమైన గ్రీకులో అచ్చువేయించాడు. 1522లో మార్టిన్ లూథర్ దాన్ని జర్మన్‌లోకి తెచ్చాడు. ఆ రోజుల్లో టిండేల్ లిటిల్ సోడ్‌బరీలో సర్ జాన్ వాల్ష్ అనే పెద్దమనిషి ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ ఉండేవారు. భోజనాలకు వచ్చే చర్చి పెద్దలతో ఆయనకు తరచూ వాదన పడేది. ఒకరోజు ఒక పండితుడు, పోపు శాసనం లేకుండా బతకడం కన్నా దేవుని శాసనం లేకుండా బతకడమే మేలని తేల్చేశాడట. టిండేల్‌కు ఒళ్లు మండింది. దేవుడు ఆయుష్షు ఇస్తే, పొలంలో నాగలి తోలే కుర్రాడికి కూడా నీకన్నా ఎక్కువ లేఖనం తెలిసేలా చేస్తానని సవాలు విసిరారు.

దేవుని ఊపిరి, మనిషి అధికారం

ఇక్కడ అసలు గొడవ ఏమిటో కొంచెం విడమరచి చెప్పుకోవాలి. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక మూడో అధ్యాయంలో లేఖనాలను గురించి ఒక గ్రీకు మాట వస్తుంది. దేవుడు ఊదినది, దేవుని ఊపిరి నుంచి వచ్చినది అని దానికి అర్థం. తెలుగు బైబిల్ దాన్ని దైవావేశం అంది. రాసింది మనుషులే, వాళ్ల భాషలోనే, వాళ్ల శైలిలోనే. అయినా ఆ రాతల వెనక ఉన్నది దేవుని ఊపిరి అని క్రైస్తవుల నమ్మకం.

ఈ విషయంలో టిండేల్‌కీ ఆయన్ని వేటాడినవారికీ తేడా లేదు. తేడా ఆ తరవాతి మెట్టు దగ్గర వచ్చింది. గ్రంథానికి అర్థం చెప్పే అధికారం చర్చిదే, గ్రంథం కన్నా ముందు పుట్టింది చర్చే, అపొస్తలుల నుంచి నోటిమాటగా వచ్చిన సంప్రదాయానికీ అంతే విలువ ఉంది అన్నది ఒక పక్షం. దేవుడే పలికిన మాటైతే దానిపైన ఇంకో అధికారం ఉండదు, పోపైనా రాజైనా ఆ మాట కిందే నిలబడాలి, అందుకే అది అందరికీ అర్థమయ్యే భాషలో ఉండి తీరాలి అన్నది టిండేల్ పక్షం. ఆయన దృష్టిలో అనువాదం పండితుల సరదా కాదు, ఆ నమ్మకం నుంచి వచ్చిన బాధ్యత.

బట్టల మూటల్లో పుస్తకాలు

1523లో ఆయన లండన్ వచ్చి బిషప్ కత్‌బర్ట్ టన్‌స్టల్‌ను ఆశ్రయం అడిగారు. గ్రీకు వచ్చిన పండితుడు, ఎరాస్మస్ స్నేహితుడు కదా, అనుమతిస్తాడని ఆశ. తన ఇల్లు నిండిపోయిందని బిషప్ మర్యాదగా తప్పించుకున్నాడు. హంఫ్రీ మన్మత్ అనే బట్టల వర్తకుడు కొన్నాళ్లు తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఇంగ్లండ్ మొత్తం మీద ఈ పనికి చోటు లేదని టిండేల్‌కు అర్థమైంది. 1524లో జర్మనీకి ఓడ ఎక్కారు. మళ్లీ సొంత నేల మీద కాలు పెట్టలేదు.

1525లో కొలోన్ నగరంలో అచ్చు మొదలైంది. ప్రెస్సు పనివాళ్లకు కోక్లేయస్ అనే ప్రత్యర్థి మద్యం తాగించి రహస్యం రాబట్టాడు. అధికారులు వచ్చేలోపే టిండేల్ అచ్చయిన కాగితాలు మూట కట్టుకుని పడవ ఎక్కి రైన్ నది మీదుగా వోర్మ్స్ చేరారు. 1526లో అక్కడ మొత్తం కొత్త నిబంధన అచ్చయింది. అరచేతిలో పట్టేంత చిన్న పుస్తకం. మూడు వేల నుంచి ఆరు వేల ప్రతులు వేశారని అంచనా. బట్టల బేళ్లలో దాచి ఓడల మీద ఇంగ్లండ్ చేరవేశారు. ఆ ఏడాది టన్‌స్టల్ వాటిని పోగుచేయించి సెయింట్ పాల్స్ దగ్గర తగలబెట్టించాడు.

ఎడ్వర్డ్ హాల్ అనే చరిత్రకారుడు ఒక తమాషా సంగతి రాశాడు. ప్రతులన్నీ కొనేసి కాల్చేస్తే పీడ వదులుతుందని బిషప్ ఒక వర్తకుణ్ని పురమాయించాడట. ఆ వర్తకుడు తిన్నగా టిండేల్ దగ్గరికే వెళ్లి బేరం కుదిర్చాడు. బిషప్‌కు పుస్తకాలు ముట్టాయి, టిండేల్‌కు అప్పులు తీరి, తప్పులు సరిదిద్ది మళ్లీ అచ్చువేయడానికి డబ్బు ముట్టింది.

నాలుగు మాటల మీద యుద్ధం

రాజు ఎనిమిదో హెన్రీ కొలువులో అందరికన్నా తెలివైన థామస్ మోర్ 1529లో టిండేల్ మీద కలం దూశాడు. జవాబుకు జవాబుగా ఇద్దరూ పుస్తకాలు రాసుకున్నారు. తిట్లకు ఇద్దరూ తీసిపోలేదు. కానీ ఆ వాదనలో కీలకమైనవి నాలుగు మాటలు.

గ్రీకు మూలంలోని మాటకు చర్చి అనకుండా సమాజం అనే అర్థం వచ్చే మాట వాడారు టిండేల్. ప్రీస్టు బదులు పెద్ద అన్నారు. ధర్మం, దానం ధ్వనించే చారిటీ బదులు ప్రేమ అన్నారు. గురువు విధించే ప్రాయశ్చిత్తం చేయమనే అర్థం ఉన్నచోట మనసు మార్చుకోమన్నారు. పైకి చిన్న మార్పులే. కానీ ప్రాయశ్చిత్తం స్థానంలో మారిన మనసు వస్తే గురువుతో పనేముంది? కట్టడం స్థానంలో జనం వస్తే అధికారం ఎవరిది? మోర్‌కు ఇది స్పష్టంగా కనిపించింది. ఇంగ్లిష్ బైబిల్ అసలే వద్దని ఆయన అనలేదు. ఇలాంటి మాటలతో, ఇలాంటి మనిషి చేత వద్దన్నాడు.

ఈ భాగం చదివాక పక్క వీధిలో ఉన్న మిత్రుడి తెలుగు బైబిల్ అడిగి తెచ్చుకుని చూశాను. సంఘము, పెద్దలు, ప్రేమ, మారుమనస్సు అని ఉన్నాయి. మనవాళ్లు ఆదివారం మామూలుగా పలికే ఈ నాలుగు మాటల కోసం ఒకప్పుడు ప్రాణాలు పోయాయన్నమాట.

టిండేల్ దైవావేశం ఉన్నదని నమ్మింది మూలానికి, తన అనువాదానికి కాదు. తన పనిలో తప్పు కనిపిస్తే దిద్దమని చదివేవాళ్లను ముందే కోరారు. ఆయనే 1534లో వేల సవరణలతో కొత్త ముద్రణ తెచ్చారు. రోజూ కోడ్ రాసి, పక్కవాళ్ల చేత తప్పులు పట్టించుకునే నాలాంటివాడికి ఈ వినయం బాగా నచ్చింది. మధ్యలో హీబ్రూ నేర్చుకుని 1530లో మోషే ఐదు గ్రంథాలను నేరుగా మూలం నుంచి ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. అంతకుముందు ఇంగ్లిష్‌లో ఎవరూ చేయని పని అది. పాస్‌ఓవర్, స్కేప్‌గోట్ లాంటి మాటలు ఆయన అల్లినవే.

రాజుకు ఇచ్చిన మాట

హెన్రీకి మొదట్లో టిండేల్ పుస్తకం ఒకటి నచ్చింది, రాజు పోపు కింద ఉండనక్కరలేదని అందులో ఉంది కాబట్టి. అయితే 1530లో టిండేల్ రాజుగారి విడాకులు లేఖన విరుద్ధమని రాశారు. రాజుకు అనుకూలంగా ఒక్క మాట రాసి ఉంటే బతికిపోయేవారేమో. లేఖనమే పై అధికారం అన్నవాడు రాజు దగ్గర దాన్ని వంచలేకపోయారు.

1531లో రాజు మనిషి స్టీఫెన్ వాన్ ఆంట్‌వెర్ప్ ఊరి బయట పొలంలో ఆయన్ని రహస్యంగా కలిశాడు. క్షమిస్తాం, తిరిగి రమ్మన్నాడు. టిండేల్ ఒక్కటే అడిగారు. వ్యాఖ్యానాలేవీ లేకుండా ఉత్త బైబిల్‌ను, అదీ ఎవరు అనువదించినదైనా సరే, జనం తమ భాషలో చదువుకోవడానికి రాజు అనుమతిస్తే చాలు. ఆపైన కలం ముట్టనని, వచ్చి రాజు పాదాల దగ్గర పడతానని, ఏ శిక్షకైనా సిద్ధమని చెప్పారు. తన పేరు ఉండాలని కూడా కోరలేదు. అనుమతి రాలేదు.

1535 మే నెలలో హెన్రీ ఫిలిప్స్ అనే యువకుడు స్నేహం నటించి దగ్గరయ్యాడు. పట్టించిన రోజు కూడా టిండేల్ దగ్గర అప్పు తీసుకుని, భోజనానికని బయటికి నడిపించి, ఇరుకు సందులో భటులకు వేలు చూపించాడు. బ్రస్సెల్స్ దగ్గరి విల్‌వోర్డ్ కోటలో దాదాపు ఏడాదిన్నర చెర. అక్కడి నుంచి ఆయన లాటిన్‌లో రాసిన ఉత్తరం ఒకటి మిగిలింది. జలుబుతో బాధపడుతున్నానని, వెచ్చని టోపీ, కోటు కావాలని, చీకట్లో ఒంటరిగా కూర్చోలేక దీపం కావాలని అడిగారు. అన్నిటికన్నా ముఖ్యంగా హీబ్రూ బైబిల్, వ్యాకరణం, నిఘంటువు ఇప్పించమని వేడుకున్నారు.

ఆయన చెరలో ఉండగానే 1535 జులైలో థామస్ మోర్ తల తెగింది. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోనందుకు. జీవితాంతం తిట్టుకున్న ఇద్దరూ అంతరాత్మకు విరుద్ధంగా ఒక్క మాట అనలేకే పోయారు. 1536 అక్టోబర్ మొదట్లో టిండేల్‌ను స్తంభానికి కట్టి గొంతు బిగించి, తరవాత నిప్పంటించారు. ఇంగ్లండ్ రాజు కళ్లు తెరిపించమని దేవుణ్ని వేడుకోవడమే ఆయన చివరి ప్రార్థన అని ఫాక్స్ రాశాడు.

తరవాత

ఏడాది తిరక్కుండానే 1537లో, చాలావరకు ఆయన అనువాదమే ఉన్న ఇంగ్లిష్ బైబిల్‌కు రాజు లైసెన్సు ఇచ్చాడు. పైన వేరే పేరు, లోపల ఒకచోట డబ్ల్యూ.టి. అనే రెండు పెద్ద అక్షరాలు మాత్రం. 1538లో ప్రతి చర్చిలోనూ ఇంగ్లిష్ బైబిల్ ఉంచాలని ఆజ్ఞ వచ్చింది. 1541 ముద్రణ ముఖపత్రం మీద దాన్ని పరిశీలించిన బిషప్పుగా ఉన్న పేరు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. అది టన్‌స్టల్ పేరు. 1611లో వచ్చిన కింగ్ జేమ్స్ బైబిల్ కొత్త నిబంధనలో దాదాపు 84 శాతం మాటలు టిండేల్‌వేనని 1998లో ఇద్దరు పండితులు లెక్కతేల్చారు.

గ్రంథమూ సంప్రదాయమూ కలిసే ప్రమాణమా, గ్రంథం ఒక్కటేనా అన్న వాదన క్రైస్తవంలో ఇప్పటికీ ఉంది. కానీ గ్రంథం జనం భాషలో ఉండాలా వద్దా అని మాత్రం ఇప్పుడు ఎవరూ వాదించుకోరు. లేఖనం విశ్వాసులందరికీ అందుబాటులో ఉండాలని 1965లో రెండో వాటికన్ మహాసభ కూడా చెప్పింది.

గోపురం పైదాకా మెట్లున్నాయి. ఎక్కితే సెవర్న్ నది కనిపిస్తుంది, చుట్టూ పొలాలు కనిపిస్తాయి. మా అబ్బాయి పైకెక్కి, నాగలి కుర్రాడు ఎక్కడుండేవాడని అడిగాడు. ఆ పొలాలే చూపించాను.

అటువైపు వెళ్లినప్పుడు మీరూ పిల్లల్ని తీసుకెళ్లండి. లండన్‌లో ఉన్నవాళ్లకు ఇంకో మాట. 1526 నాటి ఆ చిన్న పుస్తకాల్లో ఇప్పుడు మూడే మిగిలాయి. ఒకటి జర్మనీలో స్టుట్‌గార్ట్‌లో ఉంది. ఒకటి 1994లో బ్రిటిష్ లైబ్రరీ పది లక్షల పౌండ్లకు పైగా పెట్టి కొన్నది. కొన్ని పుటలు పోయిన మూడోది, ఒకప్పుడు వాటిని కుప్పపోసి కాల్చిన సెయింట్ పాల్స్ కెథడ్రల్ గ్రంథాలయంలోనే భద్రంగా ఉంది.