కతరీనా వాన్ బోరా

మార్టిన్ లూథరు నామము తెలుగు క్రైస్తవ గృహములలో చిరపరిచితమైనది. 1842వ సంవత్సరమున హయ్యరు దొర గుంటూరులో అడుగుపెట్టినది మొదలు లూథరు చిన్న ప్రశ్నోత్తరి మన పల్లెలలో పిల్లల నోట వినబడుచునే యున్నది. రైలు కొలువునకై తీరాంధ్రము విడిచి ఖరగ్‌పూరు చేరిన తెలుగు కుటుంబములలో కొన్ని ఆ ప్రశ్నోత్తరిని తమతో తెచ్చుకొన్నవి. అయితే దానిని వ్రాసిన వాని యింట పొయ్యి రగిలించి, పొలము దున్నించి, అప్పులు తీర్చిన స్త్రీని గూర్చి మనవారు వ్రాసినది బహు స్వల్పము. ఆమె లూథరునకు వ్రాసిన లేఖలలో ఒక్కటియు నేడు మిగిలి యుండలేదు. ఆయన ఆమెకు వ్రాసినవి ఇరువదికి పైగా నిలిచినవి. కావున ఆమెను మనము ఇతరుల వ్రాతలలోనే వెదకి చూడవలసి యున్నది.

కతరీనా 1499వ సంవత్సరము జనవరి 29వ తేదీన జర్మనీ దేశమందలి సాక్సొనీ ప్రాంతమున జన్మించెను. తండ్రిది భూములు గల వంశమే గాని, ఆ భూములు తరిగిపోవుచుండెను. తల్లి మరణింపగా, ఆరేండ్లయినను నిండని బాలికను తండ్రి బ్రేనా పట్టణమందలి మఠపు పాఠశాలకు పంపెను. కొన్ని యేండ్లకు ఆమెను నింబ్షెన్ అను చోటనున్న కన్యస్త్రీల మఠమునకు మార్చిరి. ఆమె మేనత్త మగ్దలేనా అప్పటికే అచ్చట కన్యస్త్రీగా నుండెను. 1515లో, పదునారేండ్ల ప్రాయమున, కతరీనాయు జీవితకాలపు ప్రమాణము చేసెను. ఆ మఠమునకు విస్తారమైన పొలములుండెను. ఆమె చదువుట, వ్రాయుట, కొంత లాటిను, ప్రార్థనాక్రమము అచ్చటనే నేర్చుకొనెను.

లూథరు రచనలు మఠపు గోడలు దాటి లోనికి వచ్చినప్పుడు కొందరు కన్యస్త్రీల మనస్సాక్షి కలతపడెను. దేవుని కృప ఉచితమైనదైనచో, తాము తెలిసీ తెలియని ప్రాయమున చేసిన ప్రమాణములు తమను ఏల బంధింపవలెను? వారు ముందుగా తమ బంధువులకు వ్రాసికొనిరి, బంధువులు చేరదీయలేదు. పిమ్మట లూథరునకు వ్రాసిరి. మఠమునకు ఉప్పుచేపలు మొదలగు సరకులు తెచ్చెడి టోర్గౌ పట్టణపు వర్తకుడు లియోనార్డు కొప్పె 1523 ఈస్టరు రాత్రి తన బండిలో పండ్రెండుగురు స్త్రీలను రహస్యముగా తరలించెను. కన్యస్త్రీలను తప్పించుట ఆనాడు మరణదండనకు తగిన నేరము. వారిలో తొమ్మిదిమంది విటెన్‌బర్గు చేరిరి. ఇల్లు లేదు, కట్నము లేదు, సంఘమందు గౌరవమును లేదు. ఒక్కొక్కరికి వివాహమో ఉద్యోగమో కుదిర్చిరి. కతరీనా మాత్రము మిగిలిపోయెను.

నూరెంబర్గు యువకుడు బౌమ్‌గార్ట్‌నరుతో సంబంధము దాదాపు కుదిరి తప్పిపోయెను. తరువాత గ్లాట్జు అను వృద్ధ బోధకుని చూపగా ఆమె నిరాకరించెను. లూథరునైనను, ఆయన మిత్రుడు ఆమ్స్‌డోర్ఫునైనను వివాహమాడుదును గాని ఈయనను కాదని ఆమ్స్‌డోర్ఫుతోనే చెప్పెను. నిలువ నీడలేని యొక స్త్రీ ఇట్లు పలుకుటను కొందరు గర్వమనిరి. నాకట్లు తోచదు. తన్ను ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మార్చుట చాలునని ఆమె యెంచి యుండును.

1525 జూన్ 13న బూగెన్‌హాగెన్ వారిరువురికి వివాహము జరిపించెను. ఆమెకు ఇరువది ఆరేండ్లు, ఆయనకు నలుబది యొకటి. రైతుల తిరుగుబాటు నెత్తుటితో అణచబడిన వేళ ఈ వివాహ మేమని మెలాంక్తను వంటి ఆప్తుడు సహితము నొచ్చుకొనెను. సన్యాసికిని కన్యస్త్రీకిని పుట్టు బిడ్డ క్రీస్తు విరోధియగునని పాత సామెత నెత్తి శత్రువులు పరిహసించిరి. 1526 జూన్ 7న జ్యేష్ఠపుత్రుడు హాన్సు జన్మించెను.

ఆమెకు కాపురమునకు దొరికినది నలుబది గదులకు మించిన పాడుబడిన మఠము. వివాహమునకు పూర్వము ఏడాది పొడుగున తన పడక గడ్డినైనను మార్చువారు లేకపోయిరని లూథరే చెప్పెను. ఆయన తన గ్రంథములకు ప్రతిఫలము పుచ్చుకొనలేదు, అడిగినవారికి లేదనలేదు. రెండువందల గుల్డెనుల జీతము అట్టి యింట నిలుచునా? కతరీనా గదులు బాగుచేయించి విద్యార్థులను భోజన వసతులకు చేర్చుకొని రుసుము వసూలుచేసెను. తోటలు వేసెను, ఆవులను, పందులను, కోళ్లను పెంచెను, చేపల చెరువు కొనెను. బీరు కాచెను, మన చదువరులకు ఇది వింతగా నుండవచ్చును గాని, ఆ దేశమున ఆ దినములలో అది నిత్యభోజనములోని భాగము. లూథరు తోబుట్టువుల అనాథ బిడ్డలను, తన మేనత్త మగ్దలేనాను, దేశదేశములనుండి పారిపోయివచ్చిన బోధకులను పోషించెను. పంక్తిలో ముప్పదిమందికి తక్కువ కూర్చున్న దినములు అరుదు. వారిలో విద్యార్థులు లూథరు పలికిన ప్రతిమాటను వ్రాసికొని తరువాత అచ్చువేసిరి. వారికి వడ్డించిన ఆమె మాటలు వ్రాసినవారు బహు కొద్దిమంది.

1527లో విటెన్‌బర్గున ప్లేగు వ్యాపింపగా విశ్వవిద్యాలయము వేరొక ఊరికి తరలెను. లూథరు దంపతులు కదలలేదు. గర్భవతియైన కతరీనా తన యింటినే ఆసుపత్రి చేసెను. డిసెంబరు 10న ఎలిజబెత్తు పుట్టెను. ఎనిమిది నెలలైనను నిండకుండ మరణించెను. 1542 సెప్టెంబరు 20న పదుమూడేండ్ల మగ్దలేనా తండ్రి చేతులలో ప్రాణము విడిచెను. ఆ బిడ్డ చివరిగా అన్నను చూడగోరగా, టోర్గౌలో చదువుచున్న హాన్సుకొరకు బండి పంపి రప్పించిరి. పునరుత్థానమును గూర్చి వేలకొలది ప్రసంగములు చేసిన తండ్రికే ఆ దినమున దుఃఖము ఆగలేదు. ఆరుగురు బిడ్డలను కని ఇద్దరిని పాతిపెట్టిన ఆ తల్లి మరునాడును వంటయింటికి వెళ్లవలసినదే.

1535లో, రాబోవు ఈస్టరునాటికి బైబిలంతయు చదివి ముగించినచో ఏబది గుల్డెనులిత్తునని లూథరు ఆమెకు పందెము కట్టెను. ఆమె పట్టుదలతో చదువుచున్నదని మిత్రునికి వ్రాసెను. అన్ని పనుల నడుమ చదువుటకు ఆమెకు ఎప్పుడు తీరిక దొరకెనో ఊహించుకొనవలసినదే.

1540 ఆరంభమున గర్భస్రావమై కతరీనా మరణద్వారము వరకు వెళ్లి వచ్చెను. అదే సంవత్సరము ట్సుల్స్‌డోర్ఫు అను పొలమును తన సోదరునినుండి కొనెను. అది పుట్టింటివారి భూమి. విటెన్‌బర్గునుండి రెండు దినముల ప్రయాణమైనను, స్వయముగా వెళ్లి వారముల తరబడి నిలిచి వ్యవసాయము చూచుకొనెను. లూథరు తన లేఖలలో ఆమెను ఆ పొలమునకు దొరసానియని హాస్యమాడెను గాని, ఆమెకు అది హాస్యము కాదు. భర్త వయస్సును, వ్యాధులను ఆమె ఎరిగి యుండెను.

ఇచ్చటనే ఆమె జీవితములోని కఠినమైన ప్రశ్న యెదురగుచున్నది. ఖరగ్‌పూరు రైల్వే కాలనీలలో నివసించినవారు దీనిని సులభముగా గ్రహింపగలరు. యజమాని కన్నుమూసినప్పుడు కన్నీరు తుడుచుకొనక మునుపే క్వార్టరు ఖాళీచేయుటను, పిల్లల భారమును గూర్చి తలపోయవలసి వచ్చును. సాక్సొనీ చట్టము ప్రకారము విధవరాలు ఆస్తికి స్వతంత్ర వారసురాలు కాదు. ఆమెకును బిడ్డలకును పురుష సంరక్షకులుండవలెను. లూథరు 1542లో మరణశాసనము వ్రాసి ట్సుల్స్‌డోర్ఫును, ఒక ఇంటిని ఆమె కొసగెను. తల్లి బిడ్డల చేతివైపు చూడరాదనియు, బిడ్డలే తల్లివైపు చూడవలెననియు కోరెను. న్యాయవాదులయందు ఇష్టము లేనివాడై చట్టపు లాంఛనములు పాటింపలేదు. ఆయన సద్భావము నిస్సందేహము. ఆ నిర్లక్ష్యమునకు వెల చెల్లించినది మాత్రము ఆమె.

1546 ఫిబ్రవరి 18న ఐస్లేబెను పట్టణమున లూథరు మరణించెను. కతరీనా అచ్చట లేదు. సాక్సొనీ ప్రభువు జాన్ ఫ్రెడరిక్ ఆ శాసనమును స్థిరపరచినను సంరక్షకులను నియమించెను. మంత్రి బ్రూకు ఆమె వ్యయశీలియని, పెద్ద సంసారమును తగ్గించి కుమారులను వేరుచోట పెంచవలెనని వాదించెను. ఆమె లోబడలేదు. బిడ్డలను తన యొద్దనే యుంచుకొనుటకును, వాక్స్‌డోర్ఫు అను మరియొక పొలము కొనుటకును పోరాడి సాధించెను.

అంతలో యుద్ధము వచ్చెను. 1546లోను, మరల 1547లోను ఆమె పిల్లలతో మాగ్డెబర్గునకు పారిపోయెను. రెండవసారి బ్రౌన్‌ష్వైగు దాటి డెన్మార్కు చేరగోరెను గాని సైన్యముల మధ్య దారి దొరకలేదు. తిరిగి వచ్చునప్పటికి పొలములు పాడై, పశువులు పోయి యుండెను. పన్నులు మాత్రము నిలిచి యుండెను. ఆమె భూమిని తాకట్టుపెట్టి, మరల విద్యార్థులను చేర్చుకొని, పంక్తి పరచెను. డెన్మార్కు రాజు మూడవ క్రిస్టియనునకు సహాయముకొరకు వ్రాసెను. ఒకప్పుడు ఆమె యింట భుజించిన అనేకులు అప్పటికి ఆమెను మరచిరి.

1552లో ప్లేగు మరల విటెన్‌బర్గున ప్రవేశించెను. విశ్వవిద్యాలయము టోర్గౌకు తరలగా, ఆమె పౌలును మార్గరేతను వెంటబెట్టుకొని బయలుదేరెను. త్రోవలో గుఱ్ఱములు బెదరెను. బిడ్డలకు అపాయము కలుగునని బండిని ఆపుటకు దూకిన ఆమె నీరు నిండిన గుంటలో పడెను. మూడు మాసములు మంచమున నుండి, డిసెంబరు 20న టోర్గౌలో మరణించెను. ఇరువది తొమ్మిదేండ్లకు పూర్వము కొప్పె బండి బయలుదేరినది ఈ పట్టణమునుండియే. పౌలు తరువాత పేరుగాంచిన వైద్యుడాయెను. మార్గరేత 1555లో వివాహము చేసికొనెను. నలుబది గదుల యింటిని బిడ్డలు 1564లో విశ్వవిద్యాలయమునకు అమ్మిరి. భర్త సమాధి విటెన్‌బర్గు కోట దేవాలయమున నున్నది. ఆమెది టోర్గౌలోని మరియ దేవాలయమున. అచ్చటి రాతిపై చెక్కిన ప్రతిమలో ఆమె చేత తెరచిన పుస్తకమున్నది.